మురుగునీటి సంస్థలో జీఐఎస్ ఉద్యోగం వేయొచ్చా?

అందరికీ నమస్కారం. మాది అంబర్‌పేట. జేఎన్‌టీయూలో ఎం.టెక్., తర్వాత మాదాపూర్‌లో నాలుగేళ్లు జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) పని. పెళ్లయి ఓహాయో వచ్చి ఏడాది దాటింది, మొన్ననే ఈఏడీ (అమెరికాలో పనిచేసే అనుమతి కార్డు) చేతికొచ్చింది. ఇక్కడి మురుగునీటి సంస్థలో జీఐఎస్ టెక్నీషియన్ పోస్టు పడింది. నేను చేసిందంతా డిజిటైజేషనే, అంటే పాత డ్రాయింగులు చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం. వేయమంటారా? డ్రైనేజీ అనగానే మా అత్తగారు మొహం అదోలా పెట్టారు.

---

వెయ్యి చెల్లెమ్మా. పదమూడేళ్లుగా నేనూ అలాంటి సంస్థలోనే ఉన్నాను. ఇప్పుడు సెలవు మీద మల్కాజిగిరిలో అమ్మ దగ్గరున్నాను.

డిజిటైజేషనే అని చిన్నబుచ్చుకోకు. నేనూ బేగంపేటలో ఏసీ గదిలో కూర్చుని, ఎన్నడూ చూడని అమెరికా ఊళ్ల పైపులు గీసినవాణ్ణే. ఒకసారి పాత డ్రాయింగ్‌లో 503.25 అడుగులున్న ఇన్వర్ట్‌ని 508.25 అని కొట్టాను. మరక పడి 3 కాస్తా 8లా కనిపించింది. దానికి ఎగువనున్న మ్యాన్‌హోల్ దగ్గర 503.85. తప్పులు చూసే క్యూసీ మేడమ్ నా సీటు దగ్గరకొచ్చి, "నీళ్లు కొండెక్కుతాయా నాయనా?" అంది. ఇన్వర్ట్ అంటే పైపు లోపలి అడుగు ఎత్తని ఆ రోజే తెలిసింది. అప్పటికి ఆర్నెల్లుగా ఆ కాలమ్ నింపుతున్నాను! రెండు మ్యాన్‌హోల్స్ మధ్య 150 అడుగులు. 8 అంగుళాల పైపుకి వంద అడుగులకు కనీసం 0.4 అడుగు వాలుండాలి. అంటే 150కి 0.6. 503.85లోంచి 503.25 తీస్తే సరిగ్గా అంతే.

ఇంటర్వ్యూలో ఈ కథే చెప్పాను. నలుగురు కూర్చుని అందర్నీ ఒకే ప్రశ్నలడిగి మార్కులు వేసుకుంటారు. తలకాయ కూడా ఊపరు, టెన్షన్ పడకు. ఆన్‌లైన్ ఫారంలో అదనపు ప్రశ్నలుంటే "రెజ్యూమె చూడండి" అని రాయొద్దు, పూర్తిగా రాయి. పిలుపు రావడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్ ప్రో ఎలాగూ రావాలి. ఇంకా పాత ఆర్క్‌మ్యాప్‌లోనే ఉంటే మారిపో, దాన్ని ఆపేయడానికి తయారీ కంపెనీ ఎస్రీ పెట్టిన గడువు 2026 మార్చి 1. ఫోర్స్ మెయిన్ (పంపుతో మురుగు తోసే పైపు), లిఫ్ట్ స్టేషన్ (మురుగును పైకెత్తే పంపుల చోటు) గురించి చదువుకో. పైపులోకి కెమెరా పంపి పగుళ్లకు రాసే పీఏసీపీ కోడ్లు కూడా ఒకసారి చూడు. చేరాక మొదటి నెలలోనే ఫీల్డ్ సిబ్బందితో వ్యాన్ ఎక్కు. మూత దగ్గర్నుంచి కర్ర దించి లోతు కొలుస్తారు, మూత ఎత్తులోంచి అది తీసేస్తే ఇన్వర్ట్. నా 503.25 దగ్గర మూత ఎత్తు 512.40. కర్ర ఎంత చూపాలో చెప్పు చూద్దాం.

పొద్దున మా సందులో డ్రైనేజీ పొంగితే పైపులు శుభ్రం చేసే ఎయిర్‌టెక్ బండి వచ్చింది. బ్రష్ నోట్లో పెట్టుకునే వెళ్లి, నీళ్లు ఎటు పోతాయని బండితో వచ్చినతన్ని అడిగాను. "అవతలి మూత తీస్తెనే ఎరుకైతది సార్" అన్నాడు. మా ఆఫీసులో స్క్రీన్ మీద నీళ్లు పోయే దిక్కు చూపే బాణం గుర్తు చూసి ఎవరైనా వాదిస్తే మా ఫోర్‌మన్ అనేదీ ఇదే.

---

అత్తగారికి ముందు "పెన్షన్ ఉన్న గవర్నమెంటు ఉద్యోగం" అని చెప్పమ్మా. మురుగు సంగతి తర్వాత. ఓహాయోలో అలాంటి ఉద్యోగులకు సోషల్ సెక్యూరిటీ కోత ఉండదు, బదులు ఓపర్స్ అనే పెన్షన్ నిధి. జీతం ప్రైవేటు కంటే తక్కువే, ముందే తెలుసుకో.

---

థ్యాంక్స్ అన్నయ్యా, అక్కా. ఈ రాత్రే వేసేస్తాను. కర్ర 9.15 అడుగులు చూపాలి, అంతేగా?