బరువు మాట కౌన్సెలర్ ఎత్తవచ్చా?

చర్చాంశం: మనసు బాగాలేక వచ్చిన వ్యక్తి తన బరువు ప్రస్తావన తేకపోయినా, ఆరోగ్యం దృష్ట్యా కౌన్సెలరే ఆ మాట ఎత్తడం సబబా?

కౌన్సెలర్, సికింద్రాబాదు:
సబబు కాదు. తల్లి పోయినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని వచ్చిన ఒకావిడ, అంతకుముందు వెళ్లిన చోట పది నిమిషాలు గడవకుండానే "వాకింగ్ చేస్తున్నారా?" అని అడిగారనీ, ఆపైన తల్లి గురించి చెప్పుకోవాలనే అనిపించలేదనీ చెప్పారు. (ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను.) ఆ మాట చెబుతున్నంతసేపూ ఆవిడ నా గదిలోని ఇరుకైన చేతుల కుర్చీలో పట్టక అంచున కూర్చుని ఉన్నారు, ఆ కుర్చీలను ఎంచుకున్నది నేనే. సికింద్రాబాదులోనే పుట్టి పెరిగిన మనస్తత్వ శాస్త్రవేత్త మహ్జరీన్ బనాజీ, టెస్సా చార్ల్స్‌వర్త్‌తో కలిసి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2007 నుంచి 2016 వరకు అమెరికాలో జాతి, లైంగికతల పట్ల తెలియకుండా మనసులో ఉండే పక్షపాతం తగ్గింది, శరీర బరువు పట్ల మాత్రం తగ్గకపోగా కొంత పెరిగింది. కౌన్సెలర్లం మనం దీనికి అతీతులమని అనుకోలేను.

సైకియాట్రిస్టు, గుంటూరు:
ఆవిడకు జరిగింది తప్పే, సందేహం లేదు. అయితే ఒలాంజపిన్ అనే మానసిక వ్యాధుల మందు వాడే చాలామందికి ఆకలి పెరిగి ఒళ్లు వస్తుంది, షుగర్ కూడా రావచ్చు. నొచ్చుకుంటారేమోనని ఆ సంగతి దాచిపెడితే, వాళ్లు చెప్పాపెట్టకుండా మాత్రలు మానేసి, జబ్బు తిరగబెట్టాక వస్తారు. అలా వచ్చినవారిని నేను చూశాను.

కౌన్సెలర్, సికింద్రాబాదు:
మందు వల్ల వచ్చే మార్పును మందు రాసేటప్పుడే చెప్పడం వైద్యధర్మం, దానితో నాకు పేచీ లేదు. మనిషిని చూడగానే అతని దిగులుకు మూలం లావేనని తీర్మానించడమే నా అభ్యంతరం. అంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది: సన్నని అమ్మాయి పూటపూటా అన్నం మానేస్తే కంగారుపడే మనం, లావుపాటి అమ్మాయి మానేస్తే "తగ్గావు, బాగున్నావు" అంటాం. చాలా బరువు కోల్పోయాక కూడా చూపులకు మామూలుగానో లావుగానో ఉన్నవారికీ అనొరెక్సియా (లావైపోతామన్న భయంతో తిండి మానేసే జబ్బు) మిగతా లక్షణాలన్నీ ఉండవచ్చని మానసిక వ్యాధుల నిర్ధారణకు వాడే అమెరికా గ్రంథం డీఎస్ఎం-5 (2013) గుర్తించింది. వారికీ గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ మెచ్చుకోలు నోట వచ్చాక ఇక ఆ అమ్మాయి ఎన్ని పూటలు పస్తులుంటోందో మనకెందుకు చెబుతుంది?

సైకియాట్రిస్టు, గుంటూరు:
ఈ కోణాన్ని ఒప్పుకుంటున్నాను. తూచకుండా మాత్రం ఒలాంజపిన్ కొనసాగించలేను, కనుక "బరువు చూడవచ్చా?" అని అడిగి, ఎందుకో చెప్పి చూస్తాను. మా ఓపీలో తూనిక యంత్రం వరండాలో ఉంటుంది, వచ్చిన అంకెను నర్సు అందరికీ వినబడేలా చదువుతారు. ముందు దాన్ని లోపలి గదిలోకి మార్పించాలి.