అప్‌డేట్: టిప్పర్ తొట్టికి 450 బ్రినెల్ స్టీల్

కంకర తోలే మా టిప్పర్‌కి 8 ఎంఎం మైల్డ్ స్టీల్ ఫ్లోర్ తీసేసి, 5 ఎంఎం 450 బ్రినెల్ (బ్రినెల్ అంటే గట్టిదనాన్ని కొలిచే స్కేలు) ప్లేటు వేయొచ్చా అని ఇక్కడ అడిగాను. వేయించాం, బండి తిరుగుతోంది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

బలం గురించి నాకు టెన్షన్ లేదు. మామూలు ఇ250 స్టీల్ 250 మెగాపాస్కల్స్ ఒత్తిడి దగ్గరే శాశ్వతంగా సాగడం మొదలవుతుంది, ఈ 450 బ్రినెల్ ప్లేటు 1000 దాటినా నిలబడుతుంది. కానీ మీలో ఒకరు చెప్పిన మాటే మా డిజైన్ మొత్తాన్ని మార్చింది: ఏ స్టీల్ అయినా ఎలాస్టిక్ మాడ్యులస్ (లోడు పడ్డప్పుడు సాగకుండా, వంగకుండా ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే కొలత) దాదాపు ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్స్. ప్లేటు బిగువు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 8 నుంచి 5కి దిగితే నాలుగో వంతే మిగులుతుంది. చదునుగా వేస్తే ఊగిపోయేదే.

అందుకే పెట్టె ఆకారం వదిలేసి అడుగును యూ ఆకారంలో వంపించాం. వంపే బిగువునిస్తుంది కాబట్టి కింద అడ్డ పట్టీలు చాలావరకు తీసేశాం. చదరపు మీటరుకి ప్లేటు బరువే 23.5 కిలోలు తగ్గింది, పట్టీలు తీసేయడంతో తగ్గిన బరువు దీనికి అదనం. కంకర కూడా మూలల్లో ఇరుక్కోకుండా జారిపోతోంది, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

వంచేటప్పుడు రేడియస్ పెద్దదిగా ఉంచాలి, లేకపోతే పగులుతుంది. వెల్డింగ్‌కి పొడిగా ఉంచిన లో హైడ్రోజన్ రాడ్లే (వెల్డ్‌లోకి హైడ్రోజన్ తక్కువగా చేరనిచ్చేవి) వాడాం. వెల్డ్ పక్కన వేడికి స్టీల్ మెత్తబడుతుంది, పైగా ప్లేటు ఎంత గట్టిదైనా వెల్డ్ ఫెటీగ్ బలం (మళ్ళీ మళ్ళీ పడే లోడుకి పగలకుండా తట్టుకునే శక్తి) అంతగా పెరగదు. అందుకే జాయింట్లను ఎక్కువ లోడు పడే చోట్ల నుంచి పక్కకి జరిపాం. వెనక హింజ్ దగ్గర మాత్రం వెల్డ్ తప్పలేదు, అక్కడ పగుళ్ల కోసం ప్రతి సర్వీసులో చూస్తున్నాం.