బిల్ మన్రో మాండొలిన్‌లో వినిపించే బ్లూస్ ఎవరి నుంచి వచ్చింది?

ప్రశ్న: మాండొలిన్ అభ్యాసి

సభ్యులందరికీ నమస్కారం. నేను కర్ణాటక పద్ధతిలో మాండొలిన్ నేర్చుకుంటున్నాను. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారి వాదనం విని ఈ వాద్యం మీద మక్కువ పెంచుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇదే వాద్యం అమెరికాలో ఎలా పలుకుతుందో తెలుసుకోవాలని కొంతకాలంగా బ్లూగ్రాస్ (అక్కడి పల్లెల్లో పుట్టిన తీగవాద్యాల సంగీతం) వింటున్నాను. ఆ సంగీతానికి ఆద్యుడైన బిల్ మన్రో 1940లలో చేసిన రికార్డింగులలో ఒక విషయం నాకు అంతుపట్టడం లేదు. బాణీ చూస్తే పల్లెటూరి ఫిడేలు బాణీలాగే ఉంటుంది గాని, గాంధారం (సరిగమల్లోని ‘గ’) దగ్గరికి వచ్చేసరికి ఆయన కింది గ అయిన సాధారణ గాంధారంలోనూ నిలవరు, పై గ అయిన అంతర గాంధారంలోనూ నిలవరు, ఆ రెంటికీ నడుమ జారుతూ ఉంటారు. ఇది అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతపు లక్షణమని చదివాను. కెంటకీ పల్లెలో పెరిగిన శ్వేతజాతి రైతు బిడ్డకు చిన్నతనంలో ఇది ఎవరి దగ్గర అబ్బింది?

జవాబు: పాత రికార్డుల శ్రోత

మంచి ప్రశ్న వేశారండి. మన్రో 1911లో కెంటకీలోని రోజీన్ అనే ఊళ్లో, ఎనిమిది మంది సంతానంలో ఆఖరివాడిగా పుట్టారు. అన్నలు బర్చ్, చార్లీ ఫిడేలునూ గిటార్‌నూ ముందే చేజిక్కించుకోవడంతో ఆయనకు మాండొలిన్ మిగిలింది. అదైనా మరీ గట్టిగా మోగకూడదని ఎనిమిది తీగలలో నాలుగే ఉంచి వాయించమన్నారని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. 1921లో తల్లి, 1928లో తండ్రి పోయాక ఆయనను చేరదీసినవాడు మేనమామ పెండిల్టన్ వాండివర్. మేనమామ ఊరూరా నృత్యాలకు ఫిడేలు వాయించేవాడు, మేనల్లుడు పక్కన గిటార్ పట్టుకునేవాడు. నాట్యం చేసేవారి అడుగు తప్పకూడదు కాబట్టి లయ విషయంలో మేనమామ చాలా నిక్కచ్చిగా ఉండేవాడు. మన్రో కుడిచేతి మీటులోని పట్టు అక్కడిదేనని నా నమ్మకం. మేనమామ వాదనం రికార్డు కాలేదు. అయితే ఆ బాణీలను మన్రో గుర్తుపెట్టుకుని, కెన్నీ బేకర్ ఫిడేలుతో 1972లో ఒక ఆల్బమ్‌గా వెలువరించారు కనుక వాటి రూపమైనా మనకు దక్కింది.

జవాబు: గిటార్ ప్రేమికుడు

పై సభ్యులు లయ గురించి చెప్పినదంతా నిజమే గాని, అడిగినది గాంధారం గురించి కదా! దానికి జవాబు ఆర్నల్డ్ షుల్ట్జ్. ఆయన 1886లో, రోజీన్ ఉన్న ఒహాయో కౌంటీలోనే (కెంటకీలోని ఒక జిల్లా) పుట్టిన నల్లజాతి సంగీతకారుడు. బొగ్గు గనుల్లో పనిచేస్తూ, గిటార్, ఫిడేలు రెండూ వాయించేవారు. జాతుల మధ్య గోడలు గట్టిగా ఉన్న ఆ రోజుల్లోనే, 1920ల తొలినాళ్లలో, శ్వేతజాతీయుల నృత్య బృందంతో కలిసి వాయించారు. మన్రో డబ్బులు పుచ్చుకుని వాయించిన తొలి నృత్యాలలో షుల్ట్జ్ ఫిడేలు వాయిస్తుంటే కుర్రవాడైన మన్రో గిటార్‌తో తోడు నిలిచారు. ఒక కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల కూర్పు) నుంచి మరొకదానికి షుల్ట్జ్ తీగలపై సాఫీగా సాగే తీరును మన్రో జీవితాంతం గౌరవంగా తలుచుకున్నారు.

షుల్ట్జ్ 1931లో, ఒక్క రికార్డైనా చేయకుండానే చనిపోయారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఆయన శైలిని ఇప్పుడు ఇతరుల చేతుల్లోనే వెతుక్కోవాలి. బొటనవేలితో మంద్ర తీగలను క్రమం తప్పకుండా మీటుతూ, మిగతా వేళ్లతో పాటను పలికించే పద్ధతి షుల్ట్జ్ నుంచి కెన్నెడీ జోన్స్‌కు, ఆయన నుంచి మోజ్ రేగర్‌కు, రేగర్ నుంచి పేరొందిన గిటారిస్టు మెర్ల్ ట్రావిస్‌కు చేరింది. మన దగ్గర గురుశిష్య పరంపరలో వరుసగా పేర్లు చెప్పుకున్నట్టే కెంటకీ గిటారిస్టులు ఈ వరుసను చెప్పుకుంటారు.

జవాబు: నాష్‌విల్ నివాసి

షుల్ట్జ్ గారికి దక్కాల్సిన గౌరవం దక్కాలని నేనూ కోరుకుంటాను. అయితే ఆ బ్లూస్ మొత్తానికీ ఆయన ఒక్కరినే మూలంగా చూపితే మన్రో విన్న తక్కిన సంగీతం మరుగున పడిపోతుంది. చర్చిలో బృందగానం ఉండేది, ఇంట్లో ఫిడేలు, అకార్డియన్ వాయించిన తల్లి ఉండేది. ఆ తర్వాత కంట్రీ గాయకుడు జిమ్మీ రోడ్జర్స్ రికార్డులు వచ్చాయి. 1939 అక్టోబరులో నాష్‌విల్ రేడియో సంగీత కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఓప్రీలో తొలిసారి పాడినప్పుడు మన్రో ఎంచుకున్నది రోడ్జర్స్ పాట ‘మ్యూల్ స్కిన్నర్ బ్లూస్’. దానిని ఆయన రోడ్జర్స్ కన్నా చాలా వేగంగా పాడారు. అంటే బ్లూస్ స్వరాన్ని తెచ్చి మేనమామ నృత్య లయ మీద నిలబెట్టారన్నమాట.

అభ్యాసి గారూ, ఆ పాటకు 1940లో చేసిన రికార్డింగును ముందుగా వినండి. అందులో మన్రో మాండొలిన్‌ను పక్కన పెట్టి తానే గిటార్ వాయించారు. ఆ తర్వాత 1946, 1947 నాటి రికార్డింగులలో మాండొలిన్ ‘చాప్’ను పట్టుకోండి. ఎడమచేతి వేళ్లతో తీగలన్నీ నొక్కి, ఎదురు దెబ్బ (తాళం దెబ్బల నడుమ పడేది) మీద మీటి, వెంటనే వేళ్లు సడలించి నాదాన్ని తుంచేయడమే చాప్. మీ వాద్యం మీద తాళం వేసుకుంటూ ఇది ప్రయత్నిస్తే, ఆ గిటార్ పట్టులోని ఊపే మాండొలిన్‌లోకి ఎలా వచ్చిందో మీ చేతికే తెలుస్తుంది.