పాయింట్లు చూసి బాస్కెట్‌బాల్ జట్టును ఎంపిక చేయడం న్యాయమేనా?

నల్లకుంట నాన్న

మా అమ్మాయి పద్దెనిమిదేళ్ల లోపు విభాగంలో ఆడుతుంది. గత నెల ఒక జట్టు ఎంపికలో తన పేరు రాలేదు. కారణం అడిగితే ఎంపిక చేసిన పెద్దమనిషి పాత టోర్నమెంటు స్కోర్ షీట్లు తెరిచి నా ముందు పెట్టారు. అయిదు మ్యాచుల్లో 19 పాయింట్లు. "సగటున నాలుగు కూడా లేవండీ" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఆ కాగితంలో ఏముంటుందో ఒకసారి చూడండి. ఒక్కొక్కరి పేరు ఎదురుగా ఫౌళ్లు, కుడివైపు వరుసగా పెరిగే అంకెలు. బంతి బుట్టలో పడితే అంకె మీద ఏటవాలు గీత, ఫ్రీ త్రో (ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డుకోకుండా వేసే ఒక పాయింటు షాట్) అయితే నిండు చుక్క, గీత అవతల నుంచి వేసిన మూడు పాయింట్లయితే వేసిన అమ్మాయి నంబరు చుట్టూ సున్నా. అంతే. రీబౌండ్‌కు (తప్పిన షాట్ బంతిని దక్కించుకోవడం) గడి లేదు, అసిస్ట్‌కు (బుట్ట పడేలా అందించిన పాస్) గడి లేదు. మా అమ్మాయి ఆటంతా ఆ గడి లేని చోటే ఉంది. రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని ఇద్దరి మధ్య నుంచి ఎగిరి, పట్టుకోలేకపోతే కనీసం వేళ్లతో మన జట్టు అమ్మాయి వైపు తడుతుంది. బుట్ట వేసేది ఆ అమ్మాయి, షీటులో పడేది ఆ అమ్మాయి నంబరు.

తండ్రిని కాబట్టి నా మాటలో పక్షపాతం ఉండవచ్చు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. పాయింట్లు ఒక్కటే చూడటం న్యాయమేనా?

స్కోర్ టేబుల్

నాన్న గారూ, ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా టేబుల్ దగ్గర కూర్చుంటున్నవాడిని. మీ బాధ అర్థమైంది. అయినా నేను పాయింట్ల పక్షమే.

బంతి రింగులోంచి దిగిందా లేదా అన్నది అందరి కళ్ల ముందు జరుగుతుంది. రిఫరీ వేళ్లతో చూపిస్తాడు, ఓడే జట్టు కూడా కాదనలేదు. అసిస్ట్ అలాంటిది కాదు. పాస్ అందుకున్న అమ్మాయి రెండుసార్లు బంతి కొట్టి, ఒకరిని తప్పించుకుని వేస్తే అది అసిస్టా, కాదా? రాసేవాడి నిర్ణయం. 1990 మార్చిలో హకీమ్ ఒలాజువాన్ ఒకే మ్యాచులో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, బ్లాకులు (ఎదుటివారి షాట్‌ను చేత్తో ఆపడం) నాలుగూ పదికి తగ్గకుండా చేశాడని అతని జట్టు హ్యూస్టన్ వాళ్లు లెక్క తేల్చారు. అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏ వీడియో చూసి ఒక అసిస్టు తీసేసింది. అదే నెలాఖరులో అతను మళ్లీ ఆ ఘనత సాధించాడు, అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేదు. అంతటి లీగులోనే ఇలా ఉంటే, ఎండలో గొడుగు కింద ఇద్దరమే కూర్చుని షీటు, గడియారం, ఫౌళ్లు అన్నీ చూసుకునే మన దగ్గర ఆ లెక్కలను ఎవరు నమ్మాలి? నమ్మలేని అంకెతో ఒక పిల్లను తీసుకుని ఇంకో పిల్లను పక్కన పెట్టడం అంతకన్నా పెద్ద అన్యాయం.

ఉదయం ఆరున్నర

స్కోర్ టేబుల్ గారూ, పాయింట్లు అందరికీ కనిపిస్తాయి, నిజమే. అవి ఎన్ని ప్రయత్నాల్లో వచ్చాయో మన షీటులో కనిపించదు కదా. తప్పిపోయిన షాట్ అక్కడ పుట్టనే లేదు.

రోజూ పొద్దున్నే ఎన్‌బీఏ మ్యాచ్ చూసి ఆఫీసుకు వెళ్లేవాడిని, అక్కడి ఉదాహరణే చెబుతాను. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లేన్ 100 పాయింట్లు చేశాడు. పడినవీ తప్పినవీ కలిపి 63 షాట్లు, 32 ఫ్రీ త్రోలు ప్రయత్నించాడు. 2006 జనవరి 22న కోబీ బ్రయంట్ 81 చేశాడు. 46 షాట్లు, 20 ఫ్రీ త్రోలు. ఒక్కో అవకాశాన్ని ఎవరు బాగా వాడుకున్నారో తేల్చడానికి ఒక సూత్రం ఉంది. ఫ్రీ త్రోల సంఖ్యను 0.44తో గుణించి షాట్లకు కలపాలి, వచ్చినదాన్ని రెట్టింపు చేసి దానితో పాయింట్లను భాగించాలి. ఫ్రీ త్రోలు ఎక్కువగా జంటగానే వస్తాయి, కానీ బుట్ట పడ్డాక బోనస్‌గా వచ్చేది ఒక్కటే కాబట్టి సగం కాకుండా 0.44. ఇలా చూస్తే చాంబర్లేన్‌కు సుమారు 65 శాతం, కోబీకి 74. చాంబర్లేన్ కాలంలో ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీతే లేదు, అది 1979లో వచ్చింది. ఆ సంగతి మరచిపోకుండానే చెబుతున్నాను, వంద చూసి నోరు తెరిచేవాళ్లం ఎనభై ఒకటి వెనుక ఉన్న పొదుపును గమనించం.

మన పిల్లల్లోనూ అంతే. ఇరవై అయిదు సార్లు విసిరి 18 పాయింట్లు చేసిన అమ్మాయి షీటులో రాణిలా కనిపిస్తుంది. తప్పిన ప్రతి షాట్ తోటివాళ్ల నుంచి లాక్కున్న అవకాశం.

పాత పివట్

పదేళ్లు సెంటర్‌గా, అంటే రింగు దగ్గర ఉండే ఆటగాడిగా ఆడాను. ఇప్పుడు మోకాలు ఒప్పుకోదు, పిల్లలకు నేర్పుతున్నాను.

ఎన్‌బీఏలో బ్లాకులు, స్టీళ్లు (ఎదుటివారి నుంచి బంతి లాక్కోవడం) అధికారికంగా లెక్కపెట్టడం 1973–74లో మొదలైంది. బిల్ రసెల్ అప్పటికే 11 టైటిళ్లు గెలిచి ఆట మానేశాడు. అతని సగటు 15.1 పాయింట్లు. ఎన్ని షాట్లు చేత్తో ఆపాడో చెప్పే అంకె ఏ అధికారిక పట్టికలోనూ లేదు. నాన్న గారి అమ్మాయిది అదే పరిస్థితి, అంత పెద్ద పేరు లేదు కాబట్టి ఎవరూ గుర్తుపెట్టుకుని చెప్పరు, అంతే తేడా. 2017 ఫిబ్రవరిలో మెంఫిస్ జట్టు మీద డ్రేమండ్ గ్రీన్ చేసినవి 4 పాయింట్లు. 12 రీబౌండ్లు, 10 అసిస్టులు, 10 స్టీళ్లు. మన షీటు రాసి ఉంటే మిగిలేది నాలుగే.

అయితే రీబౌండ్ల గడి పెట్టినంత మాత్రాన అంతా తేలిపోతుందనీ నేను అనను. 2016–17లో రసెల్ వెస్ట్‌బ్రుక్ సగటున 31.6 పాయింట్లు, 10.7 రీబౌండ్లు, 10.4 అసిస్టులు చేసి అత్యుత్తమ ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. ఆ రీబౌండ్లలో చాలా వాటికి అతని జట్టులోని స్టీవెన్ ఆడమ్స్ ప్రత్యర్థిని వెన్నుతో కదలనివ్వకుండా ఆపేవాడు, వెస్ట్‌బ్రుక్ వచ్చి బంతి తీసుకునేవాడు. నేను పదేళ్లు చేసిన పని ఆ వెన్ను పనే. దానికి ఏ పట్టికలోనూ పేరు రాలేదు.

తార్నాక

దీనికే కదా ప్లస్ మైనస్ ఉంది? ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎన్ని ఎక్కువ చేసింది, ఎన్ని తక్కువ చేసింది. వెన్ను పనైనా, వేళ్ల పనైనా అందులోకి వస్తుంది.

నల్లకుంట నాన్న

అదే చేశాను. చివరి మ్యాచుకు నోటు పుస్తకం తీసుకెళ్లి, అమ్మాయి లోపలికి వెళ్లినప్పుడూ బయటికి వచ్చినప్పుడూ స్కోరు రాసుకున్నాను. 40 నిమిషాల మ్యాచులో తను 22 నిమిషాలు ఆడింది. ఆ సమయంలో మా జట్టు 11 పాయింట్లు ముందుంది. మ్యాచ్ మాత్రం 5 పాయింట్లతో ఓడిపోయాం. అంటే తను బెంచీ మీద ఉన్న 18 నిమిషాల్లో 16 పాయింట్లు వెనకబడ్డాం. ఆ రోజు షీటులో తన పేరు ఎదుట పడినవి రెండే.

స్కోర్ టేబుల్

రెండు ప్రశ్నలు. తను ఆడిన 22 నిమిషాల్లో ఎదుటి జట్టు కెప్టెన్ కోర్టులో ఉందా? తనతో పాటు మీ జట్టులో బాగా బుట్టలు వేసే అమ్మాయి ఎంతసేపు ఉంది? ఒక్క మ్యాచ్ ప్లస్ మైనస్ అయిదుగురి అంకె. అందులో మీ అమ్మాయి వాటా ఎంతో విడదీయలేరు. ఎన్‌బీఏలో ఒక్కో జట్టు సీజన్‌కు 82 మ్యాచులు ఆడుతుంది కాబట్టి రకరకాల కలయికలు వస్తాయి, వాళ్లు విడదీయడానికి ప్రయత్నించగలరు. మన పిల్లలకు ఏడాదికి పదో పదిహేనో.

నల్లకుంట నాన్న

కెప్టెన్ రెండో క్వార్టర్ సగం నుంచి మూడు ఫౌళ్లతో బెంచీ మీదే ఉంది. మా అమ్మాయి ఎక్కువగా ఆడింది అప్పుడే. మీరు అడిగే వరకు నేను ఆ రెండింటినీ కలిపి చూడలేదు. ప్లస్ 11 అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ రెండు పాయింట్లే తన ఆట అంటే మాత్రం ఒప్పుకోను.

పాత పివట్

స్కోర్ టేబుల్ గారూ, అసిస్ట్ అభిప్రాయమని వదిలేద్దాం, ప్లస్ మైనస్ వదిలేద్దాం. తప్పిన షాట్, రీబౌండ్, పోగొట్టుకున్న బంతి, ఈ మూడింటిలో అభిప్రాయానికి చోటు తక్కువ. షీటు పక్కన ఇంకో కాగితం పెట్టి గీతలు గీయడానికి మా దగ్గర నేర్చుకునే పిల్లలను ఇద్దరిని పంపుతాను. ఒకరు చూసి చెబితే ఒకరు రాస్తారు. ఎంపికకు ఆ కాగితం కూడా పక్కన పెట్టి చూస్తే మీకు అభ్యంతరమా?

స్కోర్ టేబుల్

ఇద్దరూ రెండు జట్లకూ చెందని వాళ్లయితే అభ్యంతరం లేదు. టేబుల్ దగ్గర కుర్చీలు నేను వేయిస్తాను. ఎంపిక చేసేవారు చూస్తారో లేదో నా చేతుల్లో లేదు, కాగితం మాత్రం షీటుతో పాటే పిన్ను పెట్టి ఇస్తాను.

నల్లకుంట నాన్న

ఒక్క సందేహం. మా అమ్మాయి వేళ్లతో తట్టిన బంతిని ఇంకో అమ్మాయి పట్టుకుంటే ఆ రీబౌండ్ ఎవరిది?

స్కోర్ టేబుల్

ఊరికే చేతికి తగిలి ఎటో పోతే పట్టుకున్న అమ్మాయిది. తోటి అమ్మాయి వైపు కావాలని తట్టి పంపితే తట్టిన అమ్మాయిది. ఆ పిల్లలిద్దరికీ మొదటి మ్యాచుకు ముందే ఇది చెప్పి ఉంచండి.