ఏడో తరగతి డ్రామా పీరియడ్: నలుగురు నటిస్తున్నారు, మిగతావాళ్ళు నవ్వుతున్నారు

ప్రశ్న

నమస్కారం. నేను లాంగ్వేజ్ టీచర్‌ని. ఈ ఏడాది ఏడో తరగతి డ్రామా పీరియడ్ కూడా నాకే ఇచ్చారు. వారానికి ఒకటి, 40 నిమిషాలు, 36 మంది పిల్లలు. చిన్న నాటిక తీసుకుని పాత్రలు పంచాను. నలుగురికి పెద్ద పాత్రలు, పది మందికి ఒక్కో వాక్యం. మిగతావాళ్ళకు ఏమీ లేదు. ఆ నలుగురూ గోడ వైపు చూస్తూ డైలాగులు అప్పజెప్పేస్తారు. ఎదుటివాళ్ళు ఏమన్నారో వినరు, తమ వంతు కోసం కాచుకుని ఉంటారు. మొన్న ఒక అమ్మాయి మధ్యలో మాట మర్చిపోయింది. వెనక నుంచి నవ్వులు. వెళ్ళి బెంచీ మీద తల వాల్చేసింది. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. నేను చేయను అనే పిల్లల్ని బలవంతపెట్టాలా, వదిలేయాలా?

జవాబు 1

టీచర్ గారూ, 14 ఏళ్ళుగా ఈ వయసు పిల్లలకే డ్రామా చెప్తున్నాను. బలవంతపెట్టొద్దు, వదిలేయొద్దు కూడా. ముందు ఆ నాటికను బీరువాలో పెట్టేయండి.

ఐదేళ్ళ పాపను నువ్వు పులివి అంటే చాలు, గాండ్రిస్తుంది. పన్నెండేళ్ళ పిల్ల ముందు పక్కవాళ్ళ ముఖం చూస్తుంది. ధ్యాసంతా "నన్ను చూస్తున్నారు" అన్న దాని మీదే. అక్కడికి వెళ్ళి "బాగా నటించు, ఫీలవు" అంటే ఇంకా బిగుసుకుపోతుంది. నటించమని అడగకండి. చేయడానికి ఏదైనా పని ఇవ్వండి.

1963లో అచ్చయిన పుస్తకంలో అమెరికన్ నాటక శిక్షకురాలు వయోలా స్పోలిన్ ఒక అభ్యాసం రాశారు. తరగతిని రెండు సగాలు చేయాలి. ఒక సగం ఎదురుగా ఊరికే నిలబడాలి, మిగతా సగం చూడాలి. నిమిషంలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడతారు, కిసుక్కుమంటారు. అప్పుడు "గదిలో కుర్చీలెన్నో లెక్కపెట్టండి" అనాలి. భుజాలు వదులవుతాయి, ముఖాలు మామూలుగా అవుతాయి. తర్వాత రెండో సగం వంతు. చివర్లో "ముందు ఎలా అనిపించింది, లెక్కపెట్టేటప్పుడు ఎలా అనిపించింది" అని అడగండి. పిల్లలే చెప్తారు. స్టేజి ఫియర్ మీద నేనిచ్చిన ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ పది నిమిషాలకు సాటి రావు.

ఇంకొకటి, కొన్నాళ్ళు చూసేవాళ్ళు అనేవాళ్ళే ఉండకూడదు. 36 మందీ ఒకేసారి చేయాలి. నవ్వడానికి ఎవరూ మిగలరు. ఇందుకు నాకు బాగా పనికొచ్చింది ఇంగ్లండ్‌కు చెందిన డ్రామా టీచర్ డొరొతీ హీత్‌కోట్ పద్ధతి. టీచరే ఒక పాత్రలోకి వెళ్ళి పిల్లలతో మాట్లాడడం. నేను ఒక కాగితం పట్టుకుని లోపలికి వచ్చి, "వరద వస్తోంది, గంటలో ఊరు ఖాళీ చేయాలి, పడవలో మనిషికి ఒక్క వస్తువే" అంటాను. తరగతంతా ఊరి జనం. నేను పేర్లు రాసుకుంటూ ఒక్కొక్కరినీ అడుగుతాను. ఒకసారి, ఏడాదంతా నోరు విప్పని ఒక అబ్బాయి ఖాళీ చెయ్యి చాపి "ఇంటి తాళంచెవి" అన్నాడు. ఇల్లే మునిగిపోతుంటే తాళంచెవి ఎందుకయ్యా అన్నాను. "నీళ్ళు తగ్గాక తలుపు తీయాలి కదండీ" అన్నాడు. గది నిశ్శబ్దమైపోయింది. అంత బలమైన మాట నేను కూర్చుని రాసినా రాయలేను. ఆ రోజు నుంచి వాడు నా క్లాసులో మాట్లాడుతూనే ఉన్నాడు.

ఒక జాగ్రత్త. పాత్రలో ఉన్నప్పుడు టీచర్ ఒక తువ్వాలు భుజాన వేసుకోవాలి, తీసేస్తే మళ్ళీ టీచర్. ఆ గుర్తు లేకపోతే పిల్లలు గందరగోళపడతారు. నిజంగా వరదలో ఇల్లు పోగొట్టుకున్న పిల్లలు తరగతిలో ఉంటే ఈ కథ వాడకండి, వేరేది ఎంచుకోండి.

జవాబు 2

పై సార్ చెప్పిందంతా నిజమే కానీ నాటికను మొత్తానికి పక్కన పెట్టడం నాకు నచ్చలేదు. కొందరు పిల్లలకు సొంత మాటలు దొరకవు, రాసి ఉన్న వాక్యమే వాళ్ళకు ఊతం. నేను ఒక్క పేజీ సన్నివేశం తీసుకుని అందరికీ అదే ఇస్తాను. జంటలుగా గదిలో తలో మూలా ఒకేసారి చేస్తారు. ఒకసారి గుసగుసగా, ఒకసారి ఎదుటివాళ్ళ మీద కోపం దాచుకుంటూ. గోల ఉంటుంది. అందుకే మొదటి రోజే ఒక సైగ నేర్పండి. నేను చెయ్యి ఎత్తితే, చూసినవాళ్ళు చెయ్యి ఎత్తి ఆగిపోవాలి. రెండు మూడు వారాల్లో అలవాటైపోతుంది.

ప్రశ్న వేసిన టీచర్

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈరోజు లెక్కపెట్టే అభ్యాసం చేయించాను, కిటికీ ఊచలతో. మొన్న మాట మర్చిపోయిన ఆ అమ్మాయి 48 అంది, మిగతావాళ్ళు 46 అన్నారు. ఒప్పుకోలేదు, అందరి ముందూ కిటికీ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టింది. 48. చాలా సంతోషంగా ఉంది. ఒక్క సందేహం. జంటలు అనగానే అబ్బాయిలు, అమ్మాయిలు ఒకరితో ఒకరు కలవం అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు 1 రాసిన టీచర్

ఇప్పుడే జంటలు వద్దండీ. మీరు మధ్యలో నిలబడి చెయ్యి మెల్లగా లేపండి, తరగతంతా మీకు అద్దం. ఎంత నెమ్మదిగా కదిలితే అంత బాగా అనుసరిస్తారు. తర్వాత మీ చోట ఆ ఊచల అమ్మాయిని నిలబెట్టండి, ఇష్టపడితేనే.