ట్రాట్ పోల్స్ దాకా బుద్ధిగా వచ్చి, క్రాస్ దాటగానే దూసుకుపోయే గుర్రం

ప్రశ్న:
రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్, ఎనిమిదేళ్ల ఆడగుర్రం, ఎత్తు 15.3 హ్యాండ్స్ (సుమారు 160 సెంటీమీటర్లు). నేల మీది పోల్స్ (కర్రలు) మీదుగా ట్రాట్‌లో (మెల్లని పరుగులో) చక్కగా వస్తుంది. చివరి పోల్ నుంచి 9 అడుగులకు చిన్న క్రాస్ (X ఆకారంలో రెండు పోల్స్ పెట్టిన జంప్), అక్కణ్ణుంచి 24 అడుగులకు 60 సెంటీమీటర్ల ఎత్తు వర్టికల్ (నిటారు జంప్) పెట్టాం. క్రాస్ దాటగానే తలెత్తి ఉరుకుతుంది. మధ్యలో ఒకసారి ఒక స్ట్రైడ్ (అంగ), ఇంకోసారి రెండు. వర్టికల్‌ని ముందుకాళ్లతో పడేస్తోంది. పైనున్న అమ్మాయి పగ్గాలు ఎంత బిగబట్టినా ఆగట్లేదు. గట్టి బిట్ (కళ్లెంలో నోట్లో ఉండే ముక్క) వెయ్యమంటారా?

జవాబు 1:
బిట్ జోలికి పోకండి, ముందు కొలిచే టేప్ చేత పట్టండి. 24 అడుగులనేది క్యాంటర్‌లో (ట్రాట్ కన్నా వేగమైన దౌడులో) వచ్చే గుర్రం లెక్క: దిగడానికి 6, స్ట్రైడ్‌కి 12, మళ్లీ లేవడానికి 6. ట్రాట్‌లో వస్తే ఆ ఊపు ఉండదు. క్రాస్ పక్కనే దిగుతుంది, స్ట్రైడూ పొట్టిగానే పడుతుంది. 24 అందాలంటే ఎగబడాలి, లేదా ఇంకో బుల్లి స్ట్రైడ్ ఇరికించాలి. మీరు చెప్పినవి అవే రెండూ! వర్టికల్‌ని 18 అడుగులకు, అంటే దాదాపు 5.5 మీటర్లకు జరపండి. అడుగులేసి కొలవద్దు.

ట్రాట్ పోల్స్ మధ్య నాలుగున్నర అడుగులు చాలు. మూడు పెట్టండి, రెండు మాత్రం వద్దు. రెంటినీ కలిపి ఒకే జంప్ అనుకుని గుర్రాలు దూకేస్తాయి.

జవాబు 2:
పై లెక్క సరైనదే. దానికి తోడు, క్రాస్‌కీ వర్టికల్‌కీ సరిగ్గా మధ్యలో, 9 అడుగుల దగ్గర, నేల మీద ఒక పోల్ వెయ్యండి. దిగగానే దాన్ని చూసుకోవడానికి తల దించుతుంది, ఉరకడం దానంతటదే తగ్గుతుంది. పోల్ దొర్లకుండా రెండు వైపులా ఇసుక ఎగదొయ్యండి.

అమ్మాయి సంగతి: గాల్లో ఉండగా పగ్గాలు లాగితే మెడ చాచలేదు, వీపు గుండ్రం కాదు, ముందుకాళ్లు వేలాడతాయి. పోల్ పడేది అందుకే. మెడకు ఒక పాత రికాబు తోలుపట్టీ కట్టి, క్రాస్ ముందు దాన్ని పట్టుకోమనండి. రికాబులు రెండు రంధ్రాలు పైకి. బరువు మడమల్లోకి దిగాలి, మోకాళ్లతో జీనును నొక్కకూడదు. ఆపాల్సింది వర్టికల్ దాటాక, తిన్నగా వెళ్లి, ట్రాట్‌లోకి దించి.

ప్రశ్న అడిగినవారు:
18కి మార్చాం, మధ్యలో పోల్ కూడా వేశాం. ఒక్కటే స్ట్రైడ్ పడుతోంది, ఉరుకు చాలా తగ్గింది. కానీ వర్టికల్‌కి మరీ దగ్గరికెళ్లి లేస్తోంది.

జవాబు 1:
ఇసుకలో డెక్కల గుర్తులు చూడండి. అన్నిసార్లూ అలాగే దగ్గర పడుతుంటే వర్టికల్‌ని క్రాస్‌కి ఇంకో అడుగు దూరంగా, మధ్య పోల్‌ని అర అడుగు దూరంగా జరపండి. ఒకట్రెండుసార్లే అయితే ముట్టుకోవద్దు. వర్టికల్ కింద, గుర్రం వచ్చే వైపు అర అడుగు ముందుకి గ్రౌండ్ లైన్ పోల్ ఉందా? లేకపోతే ఎక్కడ లేవాలో దానికి తెలీదు. ఆ పోల్ అవతలి వైపుకి మాత్రం పోకూడదు, గుర్రం మోసపోతుంది.

రోజుకి ఈ వరస ఏడెనిమిదిసార్లు చాలు. బాగా దూకినప్పుడే ఆపెయ్యండి. స్టాండర్డ్‌లకి (జంప్ పక్క స్తంభాలకి) ఖాళీ కప్పులు (పోల్ ఆనించే పట్లు) వదిలెయ్యకండి, పడితే మోకాలు చీరుకుపోతుంది.