తృప్తియా, దృప్తియా? ఒక కందపద్యమూ, ఒక ఎరువు నగా

పాతపుస్తకం:
మొపాసా 1884లో రాసిన నెక్లెస్ కథను నిన్న మళ్ళీ చదివాను. గుమాస్తా లోయిజల్ భోజనానికి కూర్చొని, గిన్నె మీది మూత తీసి, ఇంతకన్న మంచి వంటకం నాకు తెలియదని మురిసిపోతాడు గదా, అక్కడ పోతనగారి భాగవతంలో, వామనావతార కథలోని కందం ఒకటి సగం గుర్తుకు వచ్చి ఆగిపోయింది. "ప్రాప్తంబగు లేశమైనఁ బదివే లనుచుం దృప్తిం జెందని మనుజుఁడు" అన్నంతవరకు నోటికి వస్తున్నది. మొదటి పాదం "వ్యాప్తిం బొందక వగవక" అని నా జ్ఞాపకం. అది సరైన పాఠమేనా? అయితే అక్కడ "వ్యాప్తి" అంటే ఏమిటి? పేరుప్రతిష్ఠలు పాకడమని అర్థం చెప్పుకుంటే, పక్కనున్న "వగవక"తో అది పొసగడం లేదు.

ఛందోమిత్ర:
పాఠం సరైనదే. మూడడుగులేనా, ఇంకా అడుగుమన్న బలికి వటువైన వామనుడు చెప్పే సమాధానంలోది. నాలుగో పాదం "సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే". సంస్కృత మూలంలో "త్రిభిః క్రమైరసంతుష్టో ద్వీపేనాపి న పూర్యతే" అని ఉన్నది. మూలకారుడు "నిండడు" అన్నచోట పోతన "చక్కబడునా" అని అడిగారు. నిండడం పాత్రకు సంబంధించిన మాట, చక్కబడడం మనిషికి సంబంధించిన మాట. అనువాదంలో ఇంతటి ఔచిత్యం చూపిన కవి మరొకరు ఉన్నారని నేను అనుకోను.

గోదారిగట్టు:
పాతపుస్తకం గారూ, మీరు తలచుకున్న పాదాలలోనే నన్ను చాలా ఏళ్ళుగా వదలని అక్షరం ఒకటి ఉన్నది. "అనుచుం దృప్తిం" అన్నచోట మనమందరం "తృప్తి" అని విడదీసుకుంటాము. అది "దృప్తి"యే ఎందుకు కాకూడదు? దృప్తుఁడు, దర్పము అన్న మాటలకు మూలమైన ధాతువే అది. దొరికిన లేశాన్నే పదివేలుగా భావించి, దానితోనే తలెత్తుకొని నిలబడలేనివాడు అని అర్థం వస్తుంది. తృప్తిలో కొంత రాజీ వినిపిస్తుంది, దృప్తిలో ఆత్మగౌరవం వినిపిస్తుంది. ఎకరాల కోసం రాజుల చుట్టూ తిరగని పోతనకు ఈ రెండోదే తగినదని నా నమ్మకం.

తాళపత్రం:
అయ్యా, "అనుచున్" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళములగునని చిన్నయసూరి చెప్పిన సూత్రం ప్రకారం తకారం దకారమైనది. దాని ముందు పాదంలో "పదివేలు" కూడా "బదివేలు" అయింది గదా, దానికి ఎవరూ కొత్త ధాతువు వెతకలేదు. పైగా మూలంలో ఉన్నది "అసంతుష్టః". సంతుష్టికి తృప్తి సరిపోతుంది గాని దర్పం సరిపోదు.

గోదారిగట్టు:
సూత్రం నాకూ తెలుసును. తకారమైతే దకారం అవుతుంది, నిజమే. మొదటినుంచీ దకారమే అయితే దకారంగానే ఉంటుంది గదా? వ్రాతలో రెండూ ఒక్కటే.

ఛందోమిత్ర:
ఈ విషయంలో ఛందస్సు కూడా సాక్ష్యం చెప్పదు. కందంలో యతి రెండు, నాలుగు పాదాలకే గనుక మూడో పాదం మొదటి అక్షరానికి ఆ కట్టుబాటు లేదు. ప్రాస "ప్త" మీద ఉన్నది గనుక దానికి ముందున్న హల్లు ఏదైనా కావచ్చు, గురువైతే చాలును. అయినా నేను తాళపత్రం గారి పక్షమే. తృప్తి చెందడమన్నది మన నోట నలిగిన పలుకుబడి.

పాతపుస్తకం:
గోదారిగట్టు గారి విభజన పద్యానికి నిలవకపోవచ్చు గాని, కథకు మాత్రం విచిత్రంగా అతుకుతున్నది. ఎరువు తెచ్చిన నగ పోయి, దాని బదులు 36,000 ఫ్రాంకులు పోసి రవ్వలహారం కొని, తండ్రి మిగిల్చిన 18,000 పోగా మిగతాది అప్పు తెచ్చి, పదేళ్ళు అంట్లు తోమి, నీళ్ళు మోసి తీర్చిన లోయిజల్ భార్య మటిల్డా చివరకు, ఆ నగ ఎరువిచ్చిన స్నేహితురాలు ఫారెస్టియర్‌కు ఆ సంగతి చెబుతుంది. నువ్వు తేడా గమనించలేదు గదా అంటూ, గర్వమూ అమాయకత్వమూ కలిసిన సంతోషంతో నవ్వుతుంది. మొపాసా అక్కడ గర్వమనే అన్నాడు. ఆ నవ్వులో ఉన్నది తృప్తి కాదు, దృప్తి. పోయిన నగ నకిలీదని, మహా అయితే 500 ఫ్రాంకులు చేస్తుందని ఆ మరుక్షణమే తెలియడం వల్లనే ఆ ఒక్క మాట అంత బాధపెడుతుంది.

తాళపత్రం:
ఆ గర్వానికి ఆమె అర్హురాలేనా? బాకీ పైసలతో సహా తీర్చారు, అది నిజాయితీయే. కాని కొక్కెం విరిగింది, బాగు చేయిస్తున్నామని మొదట భర్త ఆమె చేత ఉత్తరం రాయించాడు గదా. ఆ రోజు నిజం చెప్పి ఉంటే పదేళ్ళూ మిగిలేవి. పనిలో పనిగా ఇంకొక మాట. ఆమెది అసూయ అని అందరూ రాస్తారు. "అక్షాంతిరీర్ష్యాసూయా తు దోషారోపో గుణేష్వపి" అన్నది అమరకోశం. ఓర్వలేకపోవడం ఈర్ష్య, గుణాలలో దోషాలు పట్టడం అసూయ. ధనవంతురాలైన స్నేహితురాలిని చూసి వచ్చి రోజుల తరబడి ఏడుస్తుందే గాని, మటిల్డా ఆమెను ఒక్క మాటైనా అనదు. అది అసూయ కాదు, ఈర్ష్య అనడానికి కూడా నాకు మనసు రావడం లేదు.

గోదారిగట్టు:
ఆ ఉత్తరానికి బలి గురువు శుక్రుడు ముందే మినహాయింపు ఇచ్చాడు గదా, "బ్రాణవిత్తమానభంగమందు... బొంకవచ్చు" అని. లోయిజల్ దంపతులకు విత్తమూ మానమూ రెండూ పోయే సమయమది. అయితే అదే సలహా విన్న బలి "తిరుగన్ నేరదు నాదు జిహ్వ" అన్నాడు. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. ఓడిపోతున్నవాడి నోట అంతటి ధీరవాక్యం పెట్టడం పోతనకే చెల్లింది.

పాతపుస్తకం:
అందరికీ కృతజ్ఞతలు. అయితే నేను అడిగిన "వ్యాప్తి" అలాగే ఉండిపోయింది.

ఛందోమిత్ర:
మనసు కోరికలతో నలుదిక్కులా పాకడమని నేను అర్థం చెప్పుకుంటాను. కాని దానికన్న నాకు ఇష్టమైన ఊహ మరొకటి ఉన్నది. "విష్లృ వ్యాప్తౌ" అన్న ధాతువు నుంచే విష్ణుశబ్దాన్ని సాధిస్తారు. మరికొన్ని పద్యాల తరువాత "ఇంతింతై వటుఁడింతయై" బ్రహ్మాండమంతా వ్యాపించబోయే వాడు తన నీతిపద్యాన్ని "వ్యాప్తిం బొందక" అని మొదలుపెట్టడం యాదృచ్ఛికమని నేను ఒప్పుకోలేను.

తాళపత్రం:
ఊహ బాగున్నది గాని, ప్త ప్రాసకు పద్యం మొదట నిలిచే మాటలు తెలుగులో ఎన్ని ఉన్నాయని? ప్రాస కోసం వచ్చిన మాట కూడా కావచ్చు.

పాతపుస్తకం:
మనసు పాకడమన్న అర్థమైతే కథలో మటిల్డాకు సరిగ్గా కుదురుతుంది. మాసిన గోడల మధ్య కూర్చొని, ప్రాచ్యదేశపు తెరలు వేలాడే నిశ్శబ్దమైన సావిళ్ళనూ, వెచ్చదనానికి మత్తెక్కి పెద్ద కుర్చీలలో కునుకు తీసే ఇద్దరు నౌకర్లనూ ఆమె ఊహించుకుంటూ ఉంటుంది. మరి "వగవక" అన్నది ఆ పాకుడుకు ఫలితమా, లేక వేరే దోషమా? రెంటినీ కలిపే మాట, సముచ్చయం, మధ్యలో లేదు గదా.